సైకిలు వీరుడు మేజర్ టేలర్

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన బాలబాలికలకు గాలి బలమెట్టిదో వేఱుగా చెప్పవలసిన పని లేదు. గాలి వీచని దినమున సైతము, మనము వేగముగా పోవుకొలది గాలి రొమ్మునకు అడ్డు వచ్చి మనలను వెనుకకు నెట్టుచుండును. కంటికి కానరాని ఈ శత్రువుతో పోరాడుటయే సైకిలు పందెములలోని ప్రధానమైన యుద్ధము. ఆ యుద్ధమున ఆరితేరి, మనుష్యుల ద్వేషమనెడి మఱియొక ఎదురుగాలిని కూడ తట్టుకొని, లోకమున అగ్రస్థానము నందుకొనిన ఒక నల్లజాతి యువకుని కథ ఇది. అతని పేరు మార్షల్ వాల్టర్ టేలర్. లోకము అతనిని మేజర్ టేలర్ అని పిలిచెను.

టేలర్ 1878వ సంవత్సరము నవంబరు 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఇండియానాపొలిస్ నగరమున జన్మించెను. అతని తలిదండ్రులు కెంటకీ రాష్ట్రమునుండి వచ్చి అచ్చట స్థిరపడినవారు. తండ్రి గిల్బర్ట్ టేలర్ అమెరికా అంతర్యుద్ధమున సైనికుడుగా పనిచేసినవాడు. ఆ యుద్ధము ముగిసి, బానిసత్వము రద్దయి, అప్పటికి పదుమూడేండ్లు మాత్రమే గడచినవి. చట్టము సంకెలలను తెంచెను గాని జనుల మనసులలోని తారతమ్యములను తెంచలేకపోయెను. నల్లవారికి మంచి కొలువులు దొరకుట దుర్లభము. ఎనిమిదిమంది సంతానము గల ఆ కుటుంబమును పోషించుటకై గిల్బర్ట్ సదర్డ్ అను ధనికుని ఇంట గుఱ్ఱపుబండి తోలుచుండెను.

సదర్డ్ దంపతులకు డానియల్ అను కుమారుడు గలడు. అతనికిని మార్షలుకును ఇంచుమించు ఒకటే వయస్సు. ఇద్దఱకును విడరాని స్నేహము కుదిరెను. సదర్డ్ దంపతులు మార్షలును తమ ఇంటనే ఉంచుకొని, డానియలుతోపాటు చదువు చెప్పించిరి. మంచి దుస్తులును, ఆటవస్తువులును ఇచ్చిరి. ఆ ఇంటనే అతనికి మొదటి సైకిలు లభించెను. ఐనను బయటి లోకము ఆ ఇంటివలె ఉండలేదు. తోడి బాలురు నగరములోని వ్యాయామశాలకు పోవునపుడు నల్లవాడగుటచే మార్షలునకు అందు ప్రవేశము లేకపోయెను. స్నేహితులు లోపల కసరత్తు చేయుచుండగా అతడు పైనుండి చూచుచు నిలువవలసి వచ్చెను. వర్ణభేదమనగా నేమో ఆ పసివాడు మొట్టమొదట తెలిసికొనినది అచ్చటనే. కొంతకాలమునకు సదర్డ్ కుటుంబము షికాగో నగరమునకు తరలిపోయెను. మార్షలు తన తల్లి చెంతకు తిరిగి వచ్చి, సైకిలుపై ఇంటింటికి వార్తాపత్రికలు పంచుచు నాలుగు కాసులు సంపాదింపసాగెను.

ఖాళీ సమయములలో అతడు సైకిలుపై చిత్రవిచిత్రములైన విన్యాసములను నేర్చుకొనెను. ఒకనాడు బాగుచేయించుకొనుటకై సైకిలును ఒక దుకాణమునకు తీసికొనిపోయి, తిరిగి వచ్చునపుడు వినోదమునకై తన విద్యను చూపెను. అది చూచిన దుకాణదారులు అతనిని పనిలో చేర్చుకొనిరి. ఉదయమున దుకాణము ఊడ్చుట, మధ్యాహ్నమున వీథిలో జనులను ఆకర్షించునట్లు విన్యాసములు చేయుట అతని పని. ఆ ప్రదర్శనలకై అతనికి సైనికుని దుస్తులు తొడిగిరి. ఆ వేషమును బట్టియే జనులు అతనిని మేజర్ అనిరి. వేళాకోళమున కలిగిన ఆ పేరు చివరివఱకు అతనికి నిలిచిపోయెను.

ఒక పర్యాయము ఆ నగరమున పది మైళ్ల సైకిలు పందెము జరిగెను. దుకాణదారుడు పరిహాసమునకై ఆ బాలుని పందెమునందు నిలిపెను. చిన్నవాడగుటచే అతనిని పదునైదు నిమిషములు ముందుగా విడిచిరి. నాలుగడుగులు తొక్కి దిగిపోవునని అందఱును తలచిరి. కాని ఆ బాలుడు దిగలేదు. పెద్దలు వెంట తఱుముచుండగా పది మైళ్లును తొక్కి, కొలది క్షణముల తేడాతో గెలుపొందెను. గమ్యమును చేరిన వెంటనే సొమ్మసిల్లి పడిపోయెను. తెలివి వచ్చిన పిదప తనకు లభించిన బంగారు పతకమును తల్లికి చూపుటకై ఇంటికి పరుగెత్తెను.

ఆ కాలమున అమెరికాలో సైకిలు పందెములకు గల ఆదరణ ఇంతింతనరానిది. వేలకొలది జనులు టిక్కెట్లు కొని చూచెడివారు. కాని 1894లో ఆ దేశపు సైకిలువారి సంఘము నల్లవారికి సభ్యత్వము లేదని తీర్మానించెను. పెక్కు పందెపు బాటలు వారికి మూసికొనిపోయెను. ఇట్టి సమయమున లూయీ మంగర్ అను తెల్లజాతివాడు టేలరునకు అండగా నిలిచెను. అతడు పూర్వము పందెములలో ఆరితేరినవాడు. పిమ్మట సైకిళ్లు తయారుచేయు కర్మాగారమును పెట్టినవాడు. ఈ బాలుడు లోకములో మేటి కాగలడని అతడు గట్టిగా నమ్మెను. నల్లవానిని చేరదీయుట భాగస్వాములకు నచ్చకున్నను లెక్కచేయక, 1895లో టేలరును వెంటబెట్టుకొని తూర్పున మసచూసెట్సు రాష్ట్రములోని వుస్టర్ నగరమునకు పోయెను. అచ్చట వర్ణద్వేషము కొంత తక్కువ. అచ్చటి వ్యాయామశాలలో టేలరునకు ప్రవేశము లభించెను. నిటారుగా లేచియుండు జార్జి వీథి మిట్టను ఎక్కుచు అతడు కాళ్లకు బలము చేకూర్చుకొనెను.

ఇచ్చట సైకిలు పందెములోని రహస్యమును కొంత తెలిసికొనుట అవసరము. మనుష్యుడు ఒక సెకనులో చేయగల పనిని శాస్త్రజ్ఞులు సామర్థ్యమందురు. దానిని వాట్లలో కొలుతురు. ఒక గుఱ్ఱపు బలమనగా 746 వాట్లు. సామాన్యమైన ఆరోగ్యము గలవాడు సైకిలుపై చాలసేపు సుమారు నూఱు వాట్ల సామర్థ్యమును చూపగలడు. నేటి మేటి వృత్తి క్రీడాకారులు గంటసేపు 350 మొదలు 400 వాట్ల వఱకును, గమ్యము చేరువైనపుడు కొలది సెకనులపాటు వేయి వాట్లకు పైగాను చూపుదురు. ఈ బలములో అధికభాగము గాలిని చీల్చుకొని పోవుటకే వ్యయమగును. వేగము రెండింతలైనచో గాలి అడ్డు నాలుగింతలగును. దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము ఎనిమిదింతలగును. అందువలననే వేగమును కొంచెము పెంచుటకు సైతము మిక్కిలి శ్రమ పడవలసి వచ్చును.

ఐతే ముందు పోవువాడు గాలిని చీల్చుచుండగా వాని వెనుకనే అంటి పోవువానికి గాలిమాటు లభించును. అట్టివానికి శ్రమలో సుమారు మూడవ వంతు తగ్గును. పెద్ద గుంపు నడుమ వెనుకభాగమున ఉన్నవానికి తగిలెడి గాలి అడ్డు, ఒంటరిగా పోవువానికి తగిలెడి దానిలో పదవ వంతునకు మించదని 2018లో ఐరోపా శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపిరి. కావున పందెగాండ్రు తమలో ఒప్పందము చేసికొని, వంతులవారీగా ముందునకు వచ్చి ఒకరికొకరు గాలిమాటు ఇచ్చుకొనుచు అలసటను పంచుకొందురు. ఆకాశమున బారులు తీర్చి పోవు పక్షులు చేయునదియు ఇట్టిదే. స్నేహితులు గలవానికి ఇది వరము. స్నేహితులు లేనివాని గతి యేమి? టేలరునకు ఎదురైన సమస్య ఇదియే.

అతడు 1896 డిసెంబరులో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో వృత్తి క్రీడాకారుడుగా మొదటిసారి కాలు మోపెను. అర మైలు పందెమున, ఆనాటి మేటియైన ఎడ్డీ బాల్డును ఓడించి అందఱను ఆశ్చర్యపఱచెను. వెంటనే అచ్చటనే ఆరు దినముల పందెము ఆరంభమయ్యెను. ఆరు రాత్రులును ఆరు పగళ్లును ఎవరెంత దూరము తొక్కగలరో చూచెడి భయంకరమైన పందెమది. పదునెనిమిదేండ్లు నిండిన ఆ యువకుడు నిద్రలేమిచే మతి చలించి, ఎవరో కత్తి పట్టి తన్ను తఱుముచున్నట్లు భ్రమపడెను. ఐనను విడువక 1,732 మైళ్లు, అనగా సుమారు 2,787 కిలోమీటర్లు తొక్కి ఎనిమిదవ స్థానమున నిలిచెను. ఈ అనుభవము తరువాత తనకు తగినది స్వల్పదూరపు పందెమేయని అతడు నిశ్చయించుకొనెను.

కాని అచ్చట అతనికి పోటీ ఒకరిద్దఱితో కాదు. తెల్లజాతి పందెగాండ్రు తమలో తాము పోటీపడువారైనను, టేలరును ఓడించుటకు మాత్రము ఏకమగుచుండిరి. తమలో తాము గాలిమాటు ఇచ్చుకొని అతనికి లేకుండ చేసెడివారు. కొందఱు అతని ముందును, కొందఱు ప్రక్కను చేరి కదలనీయక చుట్టుముట్టెడివారు, మోచేతులతో పొడిచెడివారు, బాటనుండి నెట్టివేయజూచెడివారు. 1897లో టాంటన్ అను పట్టణమున పందెము ముగిసినంతనే బెకర్ అను తోడి పందెగాడు అతనిని క్రిందికి లాగి, గొంతు నులిమెను. పోలీసులు వచ్చి విడిపించునప్పటికి టేలర్ స్పృహ కోల్పోయి యుండెను. ఆ నేరమునకు బెకరునకు పడిన శిక్ష ఏబది డాలర్ల జరిమానా మాత్రమే. ఆ సంవత్సరముననే దక్షిణ రాష్ట్రములలోని పందెముల నిర్వాహకులు టేలరును పాల్గొననీయకపోవుటచే, జాతీయ విజేత యగు అవకాశము అతనికి తప్పిపోయెను.

ఇట్టి అన్యాయమునకు ప్రతిగా అతడు చేయి యెత్తలేదు. తన బుద్ధిని పదును పెట్టెను. సాధారణముగా పందెగాండ్రు చివరి క్షణము వఱకు ఇతరుల వెనుక దాగి బలమును కాపాడుకొందురు. టేలరునకు అట్లు దాగుట సాగినచో దాగెను. చుట్టుముట్టుదురని తోచినపుడు, గాలి నంతటిని తానే భరించుచు ముందుగానే దూసికొనిపోయి, చివరి దాక ఒంటరిగా ముందు నిలుచుట నేర్చుకొనెను. గాలికి శరీరము తక్కువగా అడ్డుపడునట్లు వీపును నేలకు సమానముగా వంచి తొక్కెను. ఇందుకై సైకిలు హాండిలును ముందునకు జరుపుకొనుటకు వీలగు కమ్మీని వాడెను. అట్టి కమ్మీకి తరువాత అతని పేరే వచ్చెను. నేడు సైకిలు తొక్కువాని సామర్థ్యమును క్షణక్షణము వాట్లలో చూపు పరికరములు గలవు. అవి పందెములలోనికి వచ్చినది 1980 దశకము తరువాతనే. టేలరునకు తన దేహమే కొలతబద్ద, అభ్యాసమే శాస్త్రము.

అతనికి మఱియొక నియమము గలదు. తల్లి దైవభక్తురాలు. ఆమె బోధనవలన ఆదివారము ప్రార్థనకే గాని పందెమునకు కాదని అతడు నిర్ణయించుకొనెను. మద్యమును ముట్టలేదు, పొగ త్రాగలేదు. పెద్ద పందెములు తఱచు ఆదివారముననే జరిగెడివి. ఈ నియమమువలన అతనికి ధనమును, విజయములును ఎన్నియో చేజారెను. ఫ్రాన్సు దేశమునుండి పెద్ద మొత్తములతో వచ్చిన ఆహ్వానములను సైతము ఆదివారపు నిబంధన ఉన్నందున అతడు తొలుత త్రోసిపుచ్చెను.

గాలిమాటు మహిమను లోకమునకు చూపిన పందెములు మఱికొన్ని కలవు. వాటిలో పందెగాని ముందు నలుగురైదుగురు కలిసి తొక్కెడి పొడవైన సైకిళ్లు పోవుచుండును. పందెగాడు వాటి చాటున వేగముగా తొక్కును. ఇట్టి పందెములలో టేలరునకు సహాయకులు జట్టుగా దొరకిరి. 1898 ఆగస్టు 27న న్యూయార్కు చేరువనున్న మాన్‌హాటన్ బీచి బాటపై అతడు వేల్సు దేశపు ప్రసిద్ధుడగు జిమ్మీ మైకేలును ఓడించెను. అచ్చట ఒక మైలును 1 నిమిషము 41 సెకనులకు కొంచెము మించి ముగించెను. ఆ సంవత్సరము నవంబరులో ఫిలడెల్ఫియా నగరమున అదే మైలునకు అతనికి పట్టిన కాలము సుమారు 1 నిమిషము 32 సెకనులు.

మఱుసటి సంవత్సరము ఆవిరియంత్రముతో నడచు బండిని ముందుంచుకొని తొక్కుటలో టేలరునకును ఎడ్డీ మెక్‌డఫీ అను వానికిని తీవ్రమైన పోటీ నడచెను. ఆవిరిబండి పలుమాఱు చెడిపోయి విసుగు పుట్టించెను. తుదకు 1899 నవంబరులో షికాగో నగరమున టేలర్ ఒక మైలును 1 నిమిషము 19 సెకనులలో దాటెను. అది గంటకు సుమారు 73 కిలోమీటర్ల వేగము. ఆ యేడాది జూను 30న చార్లెస్ మర్ఫీ అనునతడు రైలుబండి వెనుక, పట్టాల నడుమ పఱచిన బల్లలపై తొక్కుచు, మైలును ఒక నిమిషము లోపల ముగించెను. ఇవి మిక్కిలి ప్రమాదకరమైన సాహసములు. లారీల వెనుక సైకిలు తొక్కుట ఎంత అపాయమో బాలబాలికలు మఱువరాదు.

ఐనను టేలర్ కీర్తికి కిరీటము వంటి విజయము ఆవిరిబండి సాయమున వచ్చినది కాదు. 1899 ఆగస్టు 10న కెనడా దేశపు మాంట్రియల్ నగరమున ప్రపంచ పందెములు జరిగెను. ఒక మైలు పందెమున టేలర్, అమెరికావాడగు టామ్ బట్లరును, ఫ్రాన్సువాడగు కూర్బ్ దుత్రెలోనును వెనుకకు నెట్టి ప్రపంచ విజేత ఆయెను. వాద్యబృందము అమెరికా గీతమును వాయించుచుండగా అతని హృదయము ఉప్పొంగెను. తన దేశములో పెక్కు బాటలపై కాలు పెట్టనీయని ఆ యువకుని విజయమును, ఆ దేశపు విజయముగా లోకము ఎంచెను. మల్లయుద్ధమువంటి పిడిగ్రుద్దుల పోటీలో జార్జి డిక్సన్ అనువాడు అంతకుముందు ప్రపంచ విజేత అయినవాడు. అతని తరువాత ఏ క్రీడయందైనను ప్రపంచ విజేత యైన నల్లజాతివాడు టేలరే. 1900లో అతడు అమెరికా జాతీయ విజేతగా కూడ నిలిచెను.

తుదకు ఆదివారమున పందెము ఉండదని ఒప్పుకొని ఫ్రాన్సువారు 1901లో అతనిని ఆహ్వానించిరి. అచ్చటి జనులు అతనికి బ్రహ్మరథము పట్టిరి. హోటళ్లలో అతనికి తలుపులు మూయబడలేదు. మే 16న పారిస్ నగరమున 1900వ సంవత్సరపు ప్రపంచ విజేత యగు ఎద్మొ జాక్లెనుతో పందెము జరిగెను. ఆ దినమున చలి మెండు. చలి టేలరునకు సరిపడదు. జాక్లెన్ గెలిచి, ఓడినవానిని చూచి ముక్కుపై వ్రేలుంచి వెక్కిరించెను. టేలర్ మాఱు పలుకలేదు. పదునొకండు దినములు వేచి, మే 27న అదే బాటపై వరుసగా రెండు పర్యాయములు జాక్లెనును ఓడించెను. అతని జవాబు అదియే.

1902లో టేలర్ డెయిసీ మారిస్ అను విద్యావతిని వివాహమాడెను. పిదప రెండు పర్యాయములు ఆస్ట్రేలియాకు పోయి పందెములలో పాల్గొనెను. 1904లో సిడ్నీ నగరమున కుమార్తె జన్మింపగా ఆమెకు ఆ నగరము పేరే పెట్టుకొనెను. ఆ యేడాదియే మెల్‌బోర్నులో తోడి అమెరికను పందెగాడొకడు త్రోవకు అడ్డు రాగా టేలర్ పడి గాయపడి ఆస్పత్రి పాలయ్యెను. ఏండ్ల తరబడి ద్వేషమును భరించుటచే అతని దేహమును మనస్సును అలసెను. కొన్నాళ్లు విశ్రమించి, మరల 1907లో ఐరోపాకు పోయి విజయములు పొందెను. 1910లో పందెములనుండి విరమించెను.

ఆ తరువాతి కథ విషాదకరము. వ్యాపారములలో అతని ధనమంతయు పోయెను. ఆరోగ్యము చెడెను. కుటుంబము విడిపోయెను. తన జీవితచరిత్రను తానే వ్రాసి, తానే అచ్చు వేయించి, షికాగో నగరపు వీథులలో ఇంటింటికి తిరిగి అమ్ముకొనెను. బాల్యమున వార్తాపత్రికలు మోసిన చేతులు వార్ధక్యము రాకమునుపే తన గ్రంథమును మోయవలసి వచ్చెను. ఆ గ్రంథమున తన శత్రువులపై పగ చూపక, నల్లజాతి బాలురు నిరాశపడరాదని బోధించెను. 1932 జూను 21న షికాగోలో బీదల ఆస్పత్రిలో అతడు కన్ను మూసెను. సమాధిపై గుర్తు సైతము లేకుండ అతనిని ఖననము చేసిరి.

పదునాఱేండ్లు గడచిన పిమ్మట పూర్వపు పందెగాండ్రు కొందఱు అతనిని జ్ఞప్తికి తెచ్చుకొనిరి. 1948లో, సైకిళ్ల కర్మాగారాధిపతి యగు ఫ్రాంక్ ష్విన్ సహాయముతో, అతని అవశేషములను అదే శ్మశానమున మంచి చోటికి మార్చి కంచు ఫలకమును ప్రతిష్ఠించిరి. 1982లో ఇండియానాపొలిస్ నగరము, అనగా ఒకప్పుడు అతనిని తన బాటనుండి వెలివేసిన నగరమే, క్రొత్త సైకిలు బాటకు అతని పేరు పెట్టెను. 1894 నాటి ఆ నిషేధమును సైకిలువారి సంఘము 1999లో రద్దుచేసెను. 2008లో వుస్టర్ నగర గ్రంథాలయము వద్ద అతని స్మారకచిహ్నము వెలసెను.

గాలికి తెల్లవాడనియు నల్లవాడనియు భేదము లేదు. అది అందఱను ఒకే కొలతతో అడ్డగించును. ఒకరి వెనుక ఒకరు నడచినచో అందఱకును శ్రమ తగ్గును. మనుష్యులు ఈ చిన్న సత్యమును గ్రహింపక టేలరునకు చాటు నిరాకరించిరి. సదర్డ్ కుటుంబము వంటివారును, మంగర్ వంటివారును మాత్రము తమ జాతివారి నిందను లెక్కచేయక అతనికి గాలిమాటుగా నిలిచిరి. వారు కల్పించిన ఆ కొంచెపు చాటున బలము కూడగట్టుకొని, మిగిలిన దూరమంతయు అతడు ఒంటరిగా ఎదురుగాలిలోనే తొక్కెను. ముందున్నవాడు వెనుకనున్నవానికి చాటు ఇచ్చుట సైకిలు పందెములలో నేర్పు. లోకవ్యవహారమున అదియే ధర్మము.